అటక మీది కంప్యూటర్‌లో ఓ కోర్సు ఉంది!

సంక్రాంతి దగ్గరపడితే ఇల్లు దులపడం మొదలవుతుంది. అటక మీద ఏళ్ల తరబడి పడున్న సామానంతా వాకిట్లోకి దిగుతుంది. అందులో దుప్పటి కప్పిన ఓ పాత కంప్యూటర్ కూడా ఉండొచ్చు. తాతయ్య డీటీపీ సెంటర్ నడిపిన రోజులదో, మావయ్య ఆఫీసు వేలంలో కొన్నదో. ‘ఒరేయ్, ఆ డబ్బాని పాత సామాన్ల వాడికి వేసెయ్, చోటైనా కలిసొస్తుంది’ అని ఇంట్లో అనేస్తారు. ఆ మాట వినేముందు కాస్త ఆగండి. మీరు ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో, ఇంజినీరింగ్‌లోనో ఉంటే ఆ డబ్బా మీకు పైసా ఫీజు లేని ప్రయోగశాల. దాన్ని మళ్లీ నడిపించే క్రమంలో మీరు నేర్చుకునేది చాలా ఉంటుంది.

ఎందుకంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌లో పని అంతా రెండు మూడు పెద్ద చిప్‌లలోనే జరిగిపోతుంది. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు, మీటరుకు అందదు. 1980లు, 90ల నాటి యంత్రాల్లో ప్రాసెసర్ వేరు, మెమరీ చిప్‌లు వేరు, రోమ్ వేరు. ఒక్కో కాలు మీద మీటరు పెట్టి చూడొచ్చు. పుస్తకంలో బొమ్మగా చూసిన ‘అడ్రస్ బస్’ బోర్డు మీద రాగి గీతలుగా కనిపిస్తుంది.

ఇది మన జిల్లాల కథ కూడా

కంప్యూటర్లంటే అమెరికా నుంచి ఊడిపడ్డవే అనుకుంటాం. కానీ మన దేశపు తొలితరం కంప్యూటర్ల వెనక గోదావరి జిల్లా మనిషి ఒకరున్నారు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. అందరికీ ఏఎస్ రావుగా తెలుసు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపారు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాని పగ్గాలు పట్టింది ఆయనే. ట్రాంబే పేరు మీదే 12 బిట్ల టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. ఆ తర్వాత టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ మీదుగా బస్సెక్కే చాలామందికి ఆ పేరు వెనక ఇంత కథ ఉందని తెలియదు.

ఇంకో కథ బడులది. 1984లో కేంద్రం ‘క్లాస్’ అనే పథకం పెట్టి పాఠశాలలకు కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి విడతలో 250 బడులు. ఇచ్చిన యంత్రం బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో. 32 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ వేగం ఉన్న 6502 ప్రాసెసర్. దీన్నే మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ‘యూనికార్న్’ పేరుతో మన దేశంలోనూ బిగించింది. మీరు చదివిన బడి స్టోరు రూములో విరిగిన బెంచీల వెనక అలాంటిది ఒకటి ఉందేమో, హెడ్మాస్టరు గారిని అడిగి చూడండి. అనుమతి కాగితం మాత్రం తీసుకోండి. ప్రభుత్వ సొత్తును నోటిమాట మీద ఇంటికి తెచ్చుకోకూడదు.

అసలు పోయేది ఇనుము కాదు

పాత యంత్రాన్ని తూకానికి వేసేస్తే పోయేదేమిటి? చాలా ఇళ్లలో జవాబు హార్డ్ డిస్కులోనూ, ఫ్లాపీల్లోనూ ఉంటుంది. 90లలో మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో శుభలేఖలే కాదు, కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు, దేవాలయ ఉత్సవ సంచికలు టైపు చేశారు. అవన్నీ పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లలో ఉన్నాయి. ఇప్పటి యూనికోడ్ తెలుగు అప్పుడు వాడుకలోకి రాలేదు. ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అవి చూసి ‘ఫైలు పాడైపోయిందిలే’ అని చెరిపేసినవాళ్లు ఎంతమందో. నిజానికి ఫైలు బాగానే ఉంది, దాన్ని చదివే ఫాంటే దగ్గర లేదు.

రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి. వాటిని చదవాలంటే వెలుతురూ, అక్షరజ్ఞానమూ చాలు. పాతికేళ్ల నాటి ఫ్లాపీ చదవాలంటే ఓ యంత్రం కావాలి, అది పనిచేస్తూ ఉండాలి. అందుకే ఈ పనిని వట్టి సరదా అనుకోవద్దు. మీ తాతగారు రాసిన ఆఖరి పుస్తకం ఆ డబ్బాలోనే ఉండిపోయి ఉండొచ్చు.

మొదటి నియమం: కరెంటు పెట్టకండి

కిందికి దించగానే ప్లగ్గు పెట్టి ‘ఆన్ అవుతుందా’ అని చూడాలనిపిస్తుంది. అదే వద్దు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఖాళీగా ఉన్న యంత్రంలో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, లేదా కారి ఉంటాయి. బీబీసీ మైక్రో లాంటి వాటి పవర్ సప్లైలో మెయిన్స్ దగ్గర కాగితపు పొరలతో చేసిన ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైతొడుగు పగిలి, గాలిలో తేమను పీల్చుకుంటాయి. కరెంటు తగలగానే ఘాటైన వాసనతో పొగ కక్కుతాయి. అన్నవరం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. పంపా రిజర్వాయరు పక్కనే ఉంది. వానాకాలం వస్తే గోడలు కూడా చెమ్మగిల్లే చోట ఈ బెడద మరీ ఎక్కువ. ఆ కెపాసిటర్లను పరీక్షించే పని కూడా పెట్టుకోకుండా కొత్తవి వేయించడం మేలు. అదే విలువ, ‘ఎక్స్2’ తరగతి అని అడిగి కొనండి.

మొదటి రోజు పని ఇంతే: మూత తీసి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ కేబులు ఎక్కడ ఉందో, ఏ దిక్కుకు ఉందో రాసుకోండి. రిబ్బన్ కేబులుకు ఓ అంచున ఎర్ర గీత ఉంటుంది. అది ఒకటో నంబరు కాలు వైపు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. తడిగుడ్డ వద్దు.

బల్ల మీద ఏముండాలి?

పెద్ద ఖర్చేమీ లేదు. మొదట్లో ఇవి చాలు: ఓ డిజిటల్ మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డరు పీల్చే పంపు, స్క్రూ డ్రైవర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చేతి తొడుగులు, కళ్లద్దాలు. గదికి కిటికీ ఉండాలి. పాత సోల్డరులో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోవద్దు.

విడిభాగాల సంగతి. అన్నవరం, తుని లాంటి ఊళ్లలో చిప్‌లు దొరక్కపోవచ్చు. కెపాసిటర్లు, రెసిస్టర్లు టీవీ రిపేరు షాపుల్లో దొరుకుతాయి. మిగతావి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో వెతకొచ్చు, ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. విడిభాగాల కన్నా విలువైంది ఇంకొకటి మీ ఊళ్లోనే ఉంటుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసిన మెకానిక్కు. ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చే గిరాకీ తక్కువ. ‘బాబాయ్ గారూ, ఈ పవర్ సప్లై ఎలా చూడాలో కాస్త చూపిస్తారా?’ అని అడిగి చూడండి. ముప్పై ఏళ్ల అనుభవం మీ బల్ల దగ్గరికే నడిచొస్తుంది. ఇది ఏ కాలేజీ ల్యాబ్‌లోనూ దొరకని చదువు.

ముందు డేటా, తర్వాతే యంత్రం

హార్డ్ డిస్కును ముందే బయటికి తీయండి. అది ఐడీఈ రకం అయితే యూఎస్‌బీ అడాప్టర్‌తో మీ మామూలు కంప్యూటర్‌కు కలపొచ్చు. కలిపాక ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చోకండి. అది ఎన్ని నిమిషాలు తిరుగుతుందో చెప్పలేం. లైనక్స్‌లో దొరికే ‘డీడీ రెస్క్యూ’ లాంటి ఉచిత సాధనంతో డిస్కు మొత్తానికీ ఒకేసారి ఇమేజ్ కాపీ తీసి, ఆ కాపీ మీదే పనిచేయండి. అసలుదాని మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవులు దొరుకుతాయి. అయిదుంపావు అంగుళాలవైతే మాత్రం చాలావరకు పాత యంత్రం మళ్లీ నడవాల్సిందే. ఐడీఈ కన్నా ముందు తరం హార్డ్ డిస్కుల సంగతీ అంతే. సాధారణంగా వాటికి జతగా వచ్చిన కంట్రోలర్ కార్డు, ఆ కార్డు పెట్టే బోర్డు ఉంటేనే మాట్లాడతాయి.

నీలం డబ్బా శత్రువు

286, 386, 486 తరం బోర్డుల మీద ఓ మూల చిన్న పీపా ఆకారంలో బ్యాటరీ ఉంటుంది. సాధారణంగా నీలం రంగు, 3.6 వోల్టులు, నికెల్ కాడ్మియం రకం. తేదీ, సమయం గుర్తుపెట్టుకోవడానికి పెట్టింది. ఏళ్లు గడిచాక అది కారి బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తే అదే. బ్యాటరీ బాగున్నట్టు కనిపించినా సరే, ముందు కత్తిరించి తీసేయండి.

కారింది క్షారం కాబట్టి కొంచెం వెనిగరు దూదితో అద్దితే విరుగుతుంది. తర్వాత శుభ్రమైన నీటితో తుడిచి, ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మల్టీమీటరును ‘బీప్’ మోడ్‌లో పెట్టి ఒక్కో గీత ఈ చివర నుంచి ఆ చివరకు కలుస్తోందో లేదో చూడండి. తెగిన చోట సన్నటి జంపర్ వైరు వేయాలి. విసుగు పుట్టే పనే. ఒక సాయంత్రంలో అయిపోదు. కానీ సర్క్యూట్ బొమ్మ చదవడం నిజంగా వచ్చేది ఇక్కడే. బ్యాటరీ తీశాక యంత్రం హార్డ్ డిస్కు వివరాలు మర్చిపోతుంది. సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో డిస్కు లేబులు మీద ఉంటాయి. ముందే రాసుకుంటే తర్వాత సెటప్‌లో నింపుకోవచ్చు.

325 వోల్టులతో ఆటలొద్దు

మన ఇంటి కరెంటు 230 వోల్టులు అంటాం. అది సగటు లెక్క లాంటిది. తరంగం శిఖరం దాకా వెళితే 230ని 1.414తో గుణించాలి, అంటే 325 వోల్టులు. ఎస్‌ఎంపీఎస్ లోపల పెద్ద కెపాసిటర్ దాదాపు అంత వోల్టేజీని దాచుకుంటుంది. ప్లగ్గు పీకాక కూడా ఆ చార్జి కాసేపు ఉండొచ్చు. కాబట్టి కొత్తవాళ్లయితే పవర్ సప్లై డబ్బాను మీరు ఒంటరిగా విప్పకండి. తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. పిక్చర్ ట్యూబ్ మానిటర్ జోలికి అసలే వెళ్లొద్దు. అందులో ఇరవై వేల వోల్టులకు పైన కూడా ఉండొచ్చు. బీబీసీ మైక్రోను పాత కలర్ టీవీకి కలపొచ్చు. బ్రిటన్, మనం ఇద్దరం వాడింది ఒకే ‘పాల్’ పద్ధతి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్ల పాత ఉపాయం పనికొస్తుంది. అదే సిరీస్ బల్బు. పాతకాలపు 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండా కరెంటు పంపితే, లోపల షార్ట్ ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుంది. యంత్రం కాలదు. ఒక్కసారి మెరిసి మసకబారితే షార్ట్ లేదన్నమాట. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

పవర్ సప్లైని బోర్డుకు కలపకుండా ముందు విడిగా పరీక్షించండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు భారం లేకపోతే మొదలవ్వవు. అలాంటప్పుడు 12 వోల్టుల బండి బల్బు తగిలిస్తే సరిపోతుంది. 5 వోల్టుల తీగ మీద 4.75 నుంచి 5.25 లోపు రావాలి. ఆ హద్దు దాటితే బోర్డుకు కలపకండి. కలిపేటప్పుడూ ఓ జాగ్రత్త: పాత పీసీల బోర్డుకు కరెంటు ప్లగ్గులు రెండు పక్కపక్కన ఉంటాయి. రెండింటి నల్లతీగలూ మధ్యలో కలిసేలా పెట్టాలి. తారుమారైతే బోర్డు చచ్చినట్టే.

కరెంటు, క్లాక్, రీసెట్, రోమ్, రామ్

ఈ వరస నోటికి వచ్చేయాలి. యంత్రం మూగగా ఉంటే మధ్యలోంచి మొదలుపెట్టకండి. అన్ని చిప్‌లకూ 5 వోల్టులు అందుతున్నాయా? క్లాక్ కొట్టుకుంటోందా? రీసెట్ సంకేతం విడుదలైందా? ఆ తర్వాతే రోమ్, రామ్. బీబీసీ మైక్రో ఈ విషయంలో మంచి గురువు. బాగుంటే ఓ మందమైన మోత, వెంటనే చిన్న ‘బీప్’ వినిపిస్తాయి. ఆ మొదటి మోతే ఆగకుండా సాగితే ప్రాసెసర్ పని మొదలుపెట్టలేదని అర్థం. పాత పీసీలకైతే ‘పోస్ట్ కార్డు’ అనే చిన్న బోర్డు దొరుకుతుంది. యంత్రం ఏ మెట్టు దగ్గర ఆగిందో రెండంకెల్లో చూపిస్తుంది.

చాలాసార్లు జబ్బు చాలా మామూలుది. సాకెట్టులో చిప్ కాళ్లకు చిలుము పట్టి ఉంటుంది. జాగ్రత్తగా తీసి, తుడిచి, మళ్లీ అదే దిక్కులో నొక్కితే లేచి కూర్చుంటుంది. గాజు కిటికీ ఉన్న రోమ్ చిప్ మీది స్టిక్కరు మాత్రం పీకకండి. అతినీలలోహిత కిరణాలు తగిలితే అందులోని ప్రోగ్రామ్ చెరిగిపోతుంది.

ప్రపంచంలో పెద్ద పెద్ద పునరుద్ధరణలూ ఇదే వరసలో సాగాయి. 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ కంప్యూటర్‌ను బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కు మ్యూజియంలో స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి 2012లో మళ్లీ నడిపించారు. నాసా తుక్కు కింద అమ్మేసిన ఓ అపోలో గైడెన్స్ కంప్యూటర్‌ను నలుగురైదుగురు ఔత్సాహికులు కలిసి, చంద్రుడి మీద కాలుమోపి యాభై ఏళ్లయిన 2019 నాటికి పనిచేయించారు. అది కూడా ఒకప్పుడు తూకానికి పోయిన సరుకే!

నోటు పుస్తకమే మీ సర్టిఫికెట్

ఓ రెండువందల పేజీల పుస్తకం కొనండి. ప్రతి రోజూ నాలుగు ముక్కలు రాయండి: ఏం కనిపించింది, ఎంత కొలిచాను, ఏమనుకున్నాను, ఏం మార్చాను. ఒకసారికి ఒకటే మార్పు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఇంటర్వ్యూలో ‘ఎలక్ట్రానిక్స్ అంటే ఆసక్తి’ అని అందరూ చెబుతారు. మీరు ఆ పుస్తకం తెరిచి ‘ఈ బోర్డులో ఏడు గీతలు తెగాయి, ఇదిగో ఇలా పట్టుకున్నాను’ అని చూపిస్తే ఎదుటివాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

ఉద్యోగానికి పనికొస్తుందా?

నిజం చెప్పుకుందాం. ‘పాత కంప్యూటర్లు బాగుచేసేవారు కావలెను’ అని ప్రకటన రాదు. పనికొచ్చేది ఆ అలవాటు, అంటే లోపాన్ని వరస తప్పకుండా వెతకడం. ఎలక్ట్రానిక్ బోర్డుల పరీక్ష, ఎంబెడెడ్ సిస్టమ్స్, ఆస్పత్రి పరికరాల సర్వీసు, డేటా రికవరీ... అన్నింటికీ మూలం అదే. ఫ్యాక్టరీల్లో పాతికేళ్ల నాటి కంట్రోల్ యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి. వాటిని ముట్టుకోగలిగిన కుర్రాళ్లు తక్కువ.

దారులు ఇవీ. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. లేదా పాలిసెట్ రాసి ఈసీఈ డిప్లొమా మూడేళ్లు. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నైలిట్ సంస్థకు హార్డ్‌వేర్ నిర్వహణలో ‘ఓ’ లెవెల్ కోర్సు ఉంది. ఐటీఐ వాళ్లకు హైదరాబాద్ ఈసీఐఎల్ అప్రెంటిస్ ప్రకటనలు ఇస్తుంటుంది. మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంది. ప్రకటనలు అధికారిక వెబ్‌సైట్లలోనే చూసుకోండి. మధ్యవర్తులకు డబ్బులివ్వొద్దు.

బాగుపడకపోతే?

కొన్ని యంత్రాలు లేవవు. అప్పుడూ ఓడిపోయినట్టు కాదు. చిప్‌లు, సాకెట్లు, డ్రైవులు తీసి దాచండి. ఇంకో యంత్రానికి ప్రాణం పోస్తాయి. మిగిలింది మాత్రం భోగి మంటలో వేయకండి. ఆ ప్లాస్టిక్, ఆ తీగల తొడుగులు కాలితే వచ్చే పొగ విషం. పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది, పగలగొట్టి పంపాలో పారేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి నమోదైన రీసైక్లర్లకే చేరాలి.

ఈ ఆదివారానికి పని చిన్నదే పెట్టుకోండి. డబ్బా కిందికి దించి, మూత తీసి, ఫొటోలు తీసి, ఆ బ్యాటరీ కారిందో లేదో చూసి కత్తిరించేయండి. చేతులు కడుక్కుని పుస్తకంలో మొదటి పేజీ రాయండి. ప్లగ్గు సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు.